తుగ్లకాబాద్‌లో 500 గ్రాములు

ఢిల్లీ వెళ్ళివచ్చిన మనవారిని ఏమేమి చూశారని అడిగితే ఎర్రకోట, కుతుబ్ మీనార్, రాజ్‌ఘాట్ అని వరుసగా చెబుతారు. తుగ్లకాబాద్ పేరు చెప్పేవారు అరుదు. మేము దంపతులమూ అక్కడికి చరిత్ర మీది మక్కువతో వెళ్ళలేదు. మా క్వార్టర్స్‌లో ఎదురింటి సహోద్యోగి కుమార్తె 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పాల్గొనవలసి ఉండగా, తల్లిదండ్రులకు తోడుగా బయలుదేరాము. పోటీ జరిగే స్థలం తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్.

ఆ అమ్మాయి పిస్తోలును గురించి ముందుగా ఒక మాట చెప్పాలి. అది కొత్తది కాదు. ఒక సీనియర్ క్రీడాకారుడు వాడి విడిచినదానిని, తండ్రి భవిష్యనిధి నుండి అడ్వాన్సు తీసుకొని కొన్నాడు. గొట్టపు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్ ఆయుధాలకు 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. అయినా రైలులో ఆ పెట్టెను తల్లి తన తలకింద దిండులా పెట్టుకొని పడుకున్నది. ఎదుటి బెర్తు పెద్దమనిషి అందులో నగలున్నవని నిశ్చయించుకొని, రాత్రంతా మాకంటె ఎక్కువగా దానికి కాపలా కాశాడు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటి, నాగపూరు మీదుగా పోయి, నర్మదా నదిని దాటుతుంది. ఈ దారికీ మేము వెళుతున్న ఊరికీ పాత సంబంధం ఉన్నదని అప్పుడు మాకు తోచలేదు. కోట గోడల ముందు నిలబడినప్పుడే అది గుర్తుకు వచ్చింది. ఘియాసుద్దీన్ తుగ్లక్ 1320లో సింహాసనమెక్కి, మరుసటి సంవత్సరం ఈ కోట నిర్మాణం మొదలుపెట్టాడు. ఇక్కడ రాళ్ళు పేరుస్తున్న కాలంలోనే, 1323లో, అతని కుమారుడు ఉలుఘ్ ఖాన్ మన ఓరుగల్లును జయించాడు. బందీగా ఢిల్లీకి తీసుకొని వస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని విలస తామ్రశాసనం చెబుతున్నది. కాకతీయ చక్రవర్తి చేరలేని ఊరికి మేము మరునాటి ఉదయానికే చేరుకున్నాము.

కోట గోడలు పైకి పోయినకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. వాటిలో విలుకాండ్ర కోసం విడిచిన సన్నని రంధ్రాలున్నాయి. మేము ఒకదానికి కన్ను ఆనించి చూశాము. బయటి ప్రపంచమంతా ఒక చిన్న చీలికలో ఇమిడిపోయింది. ఇంత కట్టుదిట్టమైన రాజధాని కొద్ది ఏళ్ళలోనే నిర్జనమైపోయింది. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా శాపమే కారణమని జనశ్రుతి. రోడ్డుకు ఆవలివైపున ఎర్రరాతితో, తెల్లని పాలరాతి గుమ్మటంతో ఘియాసుద్దీన్ సమాధి నిలిచి ఉన్నది.

ఆ కోటకు కొద్ది దూరంలో, ఆరావళి రాళ్ళ మధ్య షూటింగ్ రేంజ్ ఉన్నది. 1982 ఆసియా క్రీడల కోసం నిర్మించి, 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి పునర్నిర్మించారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఆ 2010 క్రీడలలో ఇక్కడే నాలుగు స్వర్ణపతకాలు గెలిచాడు. పేరులోని డాక్టరు వైద్యుడు కాడు. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ తన వంశచరిత్రపై పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1952 నుండి 1977 వరకు లోక్‌సభ సభ్యుడు. ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1961లో అర్జున అవార్డులు ప్రారంభమైనప్పుడు షూటింగ్‌లో దానిని అందుకున్నాడు.

పరికరాల తనిఖీ మధ్యాహ్నమని తెలిసి మేము చెట్టుకింద కూర్చున్నాము. ఆ చెట్టుకింద జరుగుతున్న సభను ఏమని వర్ణించాలి? మన ఊళ్ళలో రచ్చబండ మీద ఎడ్ల జతలను గురించి వాదించుకున్నట్టు, అక్కడ తుపాకులను గురించి వాదించుకుంటున్నారు. సభ్యులు ముగ్గురు. హర్యానాకు చెందిన విశ్రాంత పోలీసు అధికారి ఒకరు, పంజాబు రైతు ఒకరు, మూడవవారు సైన్యంలో షూటర్‌గా పనిచేసి రిటైరైన సుబేదారు. ఆయన మన ప్రకాశం జిల్లావారని తెలిసి మాకు ప్రాణం లేచివచ్చింది. హిందీలో వాదిస్తూ, మధ్యమధ్య మాకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పారు.

పోలీసు అధికారి పక్షం రివాల్వరు. “డబుల్ యాక్షన్‌లో ఒకే లాగుడుకు చక్రం తిరగాలి, సుత్తి వెనక్కు పోవాలి, మళ్ళీ ముందుకు పడాలి. అందుకే ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. ఆ బరువే కాపలా. బెదిరిన చేయి పొరపాటున పేల్చదు. గురి చూసి కొట్టాలంటే సుత్తిని బొటనవేలితో వెనక్కు లాగి పెట్టుకో. అప్పుడు లాగుడు తేలిక, పొట్టి” అన్నాడు. రైతుకు కొత్తరకం పిస్తోళ్ళ మీద ప్రీతి. వాటిలో బయటికి కనపడే సుత్తి ఉండదు, లోపలి స్ట్రైకరు పని చేస్తుంది. మొదటి గుండుకైనా పదవ గుండుకైనా లాగుడు ఒకే తీరు కనుక వేలికి ఒకే పాఠం చాలునని ఆయన వాదన.

“పోటీ పిస్తోలు దారి వేరండీ” అని సుబేదారుగారు మావైపు తిరిగారు. “దీనికి రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టులో ట్రిగ్గర్ మెత్తగా వెనక్కు వస్తుంది. తరువాత గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడ వేలు నిలిపి, గురి కుదిరాక మరికాస్త ఒత్తాలి. పండిన చింతకాయ పెంకు చిట్లినట్టు విడిపోవాలి. ఎప్పుడు చిట్లిందో చేతికి ముందుగా తెలియకూడదు. తెలిస్తే చేయి జంకుతుంది.”

మాట రైఫిళ్ళ మీదికి మళ్ళింది. రైతు తన బోల్ట్ యాక్షన్ రైఫిలుకు బిగించిన దూరదర్శినిని పొగడనారంభించాడు. దూరాన ఉన్న కొమ్మ మీది ఆకు ఈనెలు కూడా కనపడతాయట. సుబేదారుగారు నవ్వారు. “స్కోపు లక్ష్యాన్ని ఎంత పెద్దది చేస్తుందో, నీ చేతి వణుకునూ అంతే పెద్దది చేసి చూపిస్తుంది. పైగా కన్ను నడిమధ్యన లేకపోతే, లోపలి అడ్డుగీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపిస్తాయి” అన్నారు. ఒలింపిక్ రైఫిలు పోటీలలో గురి చూడడానికి దూరదర్శినిని అనుమతించరన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. కంటివద్ద ఒక చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక వలయం, అంతే. వలయంలో వలయంగా లక్ష్యాన్ని ఇమిడ్చి, 10 మీటర్ల దూరాన అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. ఉదయం కోటగోడలో మేము కన్ను ఆనించిన చీలిక గుర్తుకు వచ్చింది.

పిస్తోలుకు ఆ రంధ్రం కూడా లేదు. వెనుక ఒక గాడి, ముందు ఒక కమ్మి. ముందున్న కమ్మిని స్పష్టంగా చూస్తూ, లక్ష్యాన్ని మసకగా విడిచిపెట్టాలట. చేరవలసిన చోటును కాక చేతిలో ఉన్నదానిని చూడడం వింతగా తోచింది. కాని మత్స్యయంత్రం కొట్టిన అర్జునుడు పైనున్న చేపను కాక నీటిలోని నీడను చూశాడు గదా!

“ఇంతకీ గెలిపించేది పనిముట్టా, మనిషా?” అని మేము అడిగాము. “పనిముట్టు ముఖ్యం కాదని ఎవరన్నారు? టోక్యోలో 2021లో పోటీ మధ్యలో మను భాకర్ పిస్తోలు మొరాయించింది, ఫైనలు చేజారింది. ఆమే 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. ఆ మూడేళ్ళూ ఏ దుకాణంలో దొరుకుతాయి?” అన్నారాయన.

మధ్యాహ్నం తనిఖీ జరిగింది. ఎయిర్ పిస్తోలు ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గరాదని నియమం. పిస్తోలు గొట్టాన్ని నిటారుగా పైకి పట్టి, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి, బల్లమీది నుండి పైకెత్తుతారు. బరువు లేచేవరకు ట్రిగ్గర్ విడిపోకూడదు. మూడు అవకాశాలు ఉంటాయి. మా అమ్మాయి పిస్తోలు మూడుసార్లూ టిక్కుమన్నది. బరువు బల్లను వదలలేదు.

సరిచేసుకొని రమ్మని అధికారి మర్యాదగా చెప్పాడు. బయటకు వచ్చాక విషయం తేలింది. నెల క్రితం ఊళ్ళో ఎవరో మర తిప్పి ట్రిగ్గర్‌ను తేలిక చేశారు. నాటి నుండి మార్కులు పెరిగాయి. అందరూ సంతోషించారే గాని, ఎవరూ తూచి చూడలేదు. సుబేదారుగారు తన బరువులతో చూసి, 40 గ్రాములు తక్కువున్నదన్నారు.

అక్కడే నిలబడిన ఒక యువకుడు సలహా ఇచ్చాడు. మర బిగించి తనిఖీలో నెగ్గి, తరువాత వదులు చేసుకోవచ్చునట. పోటీ ముగిశాక లాటరీ తీసి కొందరి ట్రిగ్గర్లనే చూస్తారు గనుక దొరికేది తక్కువేనట. తండ్రి మావైపు చూశాడు. ఆ చూపులో భవిష్యనిధి అడ్వాన్సు ఉన్నది, రెండేళ్ళ ఆదివారాలు ఉన్నవి. వద్దని చెప్పవలసినది మేమే. ఇరవై ఏళ్ళుగా ఆయనతో ఒకే సెక్షనులో పనిచేసినవాళ్ళం. కాని ఆయన ముఖం చూసి మాకు నోరు పెగలలేదు. మేము దూరంగా కోట వంక చూస్తూ నిలబడ్డాము.

అమ్మాయి సుబేదారుగారి వద్దకు వెళ్ళి, “తాతగారూ, మర తిప్పే కీ ఒకసారి ఇవ్వండి” అన్నది. తానే బిగించింది, తానే బరువు తగిలించి ఎత్తింది. మళ్ళీ కాస్త బిగించింది. బరువు లేచింది. “ఇంటి దగ్గర వచ్చిన మార్కులు నావి కావు నాన్నా, ఆ నలభై గ్రాములవి” అన్నది. తండ్రి ఏమీ అనలేదు. తల్లి పెట్టె మూత వేసి, కొంగుతో తుడిచింది.

మరునాడు పోటీ. 75 నిమిషాలలో 60 గుళ్ళు కొట్టాలి. పది గుళ్ళకు ఒక వరుస, వరుసకు 100 మార్కులు. వేలికి ట్రిగ్గర్ కొత్తది. మొదటి వరుసలో 88 వచ్చింది. ఆమె పలుమార్లు చేయెత్తి, పేల్చకుండానే దించింది. తరువాత 91, 93, 94, 95, 95. మొత్తం 556. తదుపరి దశకు కావలసినది 560.

పోటీ ముగియగానే లాటరీ తీశారు. మా అమ్మాయి పేరు రాలేదు. ఆ సంగతి మా ఐదుగురిలో ఎవరమూ పైకి అనలేదు. భోజనాలవేళ తండ్రి మాత్రం, “చివరి రెండు వరుసలూ తొంభై ఐదులే గదమ్మా” అన్నాడు. ఆ పూట ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

తిరుగు ప్రయాణానికి ముందు సుబేదారుగారు వీడ్కోలు చెప్పవచ్చారు. పరీక్ష బరువులు కొనడం మీకెందుకు ఖర్చు, కిరాణా కొట్టులో ప్రభుత్వ ముద్ర ఉన్న అరకిలో తూకపురాయి అడగండి, దారం కట్టి వాడుకోండి అని చెప్పారు. రైలు నర్మద వంతెన దాటుతున్నప్పుడు అమ్మాయి నిద్రపోతున్నది. పెట్టె ఈసారి తండ్రి ఒడిలో ఉన్నది.

ఢిల్లీ వెళ్ళే మన ఉద్యోగ మిత్రులు ఒక పూట తుగ్లకాబాద్‌కు కేటాయించవలసినదిగా మా మనవి. మెట్రోలో వయొలెట్ లైను మీద ఆ పేరుతోనే స్టేషను ఉన్నది, అక్కడి నుండి ఆటో దొరుకుతుంది. కోటలో నీడ తక్కువ కనుక ఉదయమే వెళ్ళడం మంచిది, తాగునీరు వెంట తీసుకొని వెళ్ళండి.

మా ఎదురింటి వరండాలో ఇప్పుడు ప్రతి సాయంత్రం ఒక దృశ్యం కనబడుతుంది. అమ్మాయి సాధనకు ముందు ట్రిగ్గర్‌కు దారం తగిలించి, అరకిలో రాయిని బల్లమీది నుండి ఎత్తి చూస్తుంది. రాయి లేస్తుంది. అటు వెళ్ళినప్పుడల్లా మేము కూడా ఒక నిమిషం ఆగి, అది లేచేదాకా చూసి వస్తాము.