మొవ్వలో నా పేరు

మా అమ్మీ లెక్కలో హైదరాబాద్ కూడా పర్‌దేసే. బందరు దాటి చదువుకోడానికి ఎక్కడికి పోయినా ఆమెకు ఒకటే. "బేటా పర్‌దేస్‌లో చదువుతున్నాడు" అని మొహల్లా అంతా చెప్పుకునేది. ఆ పర్‌దేస్ నుంచి 2001లో ఇద్దరు దోస్తుల్ని వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరాను. జనవరి 26 శుక్రవారం పడింది, శని ఆదివారాలు కలిసొచ్చాయి.

వాళ్లు వచ్చింది మా అమ్మీ చేతి బిర్యానీ కోసం (అదీ ఉంది లెండి), అంతకంటే ముఖ్యంగా మొవ్వ కోసం. ఎం.ఏ. తెలుగులో మాకప్పుడు క్షేత్రయ్య పదాలు పాఠం. "నీది బందరే కదా, మొవ్వ ఎలా ఉంటుంది?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఇంటికి గంట దూరంలో ఉన్న ఊరు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు మీర్, గాలిబ్ తిరిగిన ఢిల్లీ గల్లీలు తెలుసు, మొవ్వ తెలీదు.

జుమా నమాజ్ అయ్యాక బ్యాగులు సర్దుకుని, రాత్రి రైలెక్కి తెల్లారి బెజవాడలో దిగాం. బస్టాండులో ఎవరి చేతిలో చూసినా భుజ్ భూకంపం పేపరే. మేం షికారుకు పోతున్నందుకు సిగ్గేసింది. అవనిగడ్డ బస్సులో పక్క సీటు పెద్దాయన ఆ ఫొటోలు చూసి 1977 ఉప్పెన మొదలుపెట్టాడు. దివిసీమ వైపు బస్సెక్కితే ఆ దాస్తాన్ వినకుండా దిగడం కుదరదు. మేం ముందే కూచిపూడిలో దిగిపోయాం.

కూచిపూడిలో నా ఛాతీ కాస్త పొంగింది. ఆఖరి గోల్కొండ పాదుషా అబుల్ హసన్ తానీషా బందరు సఫర్‌లో ఇక్కడ ఆగి, భాగవతుల ఆట చూసి మురిసిపోయి, ఊరిని వాళ్లకే అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. నేను దాన్ని మా తాత ఆస్తిలా వర్ణించాను. అక్కడితో ఆగానా? క్షేత్రయ్య మేరువ పదం అందుకున్నాను. మధుర తిరుమల నాయకుడి దగ్గర రెండు వేలు, తంజావూరు విజయరాఘవుడి దగ్గర వెయ్యి, గోల్కొండ పాదుషా దగ్గర పదిహేను వందల పదాలని లెక్క ఆ పదంలోనే ఉంది కదా. మొవ్వ గోపాలుణ్ణి తలుచుకునే పదాలు పాదుషా దర్బార్‌లో! మగవాడై ఉండీ ఆడమనిషి గొంతుతో ఆయన పదాలు కట్టినట్టే, మా దక్కనీలో అదే శతాబ్దంలో బీజాపూర్ హాష్మీ ఆడవాళ్ల జబాన్‌లో గజల్ చెప్పాడని కూడా అన్నాను. వరంగల్ దోస్తు నవ్వాడు. "ఇక మీ తానీషాని వదిలెయ్ రా బాబూ, కాళ్లు లాగుతున్నాయి." ఆ 'మీ' నాకు చిన్న ముల్లులా గుచ్చుకుంది. పట్టించుకోనట్టు నడిచాను.

మొవ్వలో వేణుగోపాలస్వామి గుడి. నేను బయట అరుగు మీద కూర్చుంటానన్నాను. తెనాలి దోస్తు ఒప్పుకోలేదు. "క్షేత్రయ్యని చదివినవాడివి, ఆయన నిలబడ్డ చోటు చూడవా?" నాకూ చూడాలనే ఉంది. వెళ్లి మండపంలో ఓ స్తంభం పక్కన నిలబడ్డాను. పూజారిగారు పెద్దవాడు, నిదానంగా మాట్లాడే మనిషి. దోస్తులిద్దరి గోత్రాలు, పేర్లు అడిగి నా వైపు తిరిగాడు.

"మరి ఈ అబ్బాయి పేరో?"

నేను నోరు తెరిచేలోపు తెనాలి దోస్తు అన్నాడు: "రాజు అండీ."

ఒక్క క్షణం టైం ఉంది నాకు. కాదండీ అంటే సరిపోయేది. అనలేదు. నా స్థానంలో రాజు పేరున అర్చన జరిగింది. తర్వాత నా చేతిలో ప్రసాదం పడింది. తినలేను, పారేయలేను. బయటికొచ్చి దోస్తు చేతిలో పెట్టాను. అరగంట ముందు గోల్కొండ పాదుషాల్ని భుజాన మోసుకొచ్చినవాణ్ణి, నా మూడక్షరాల పేరు మోయలేకపోయాను.

జుహర్ వేళైంది. ఊరి చివర బోరింగ్ దగ్గర వుజూ చేసుకుని చేను గట్టు చూసుకున్నాను. వరి కోసేసిన మళ్లలో మినుము పచ్చగా ఉంది. ఇంకా ఊరు చేరలేదు కాబట్టి నేను ముసాఫిర్‌నే, నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండే చదవాలి. నిలబడబోతుంటే చేలోంచి ఓ ముసలి రైతు కేకేశాడు.

"అక్కడ కాదు బాబూ, పల్లేరు ముళ్లుంటాయి. ఇదిగో, ఇది పరుచుకో." భుజం మీది తువ్వాలు తీసిచ్చాడు.

నమాజ్ అయ్యాక తువ్వాలు మడిచి ఇస్తే, "ఏ ఊరు బాబూ? పేరేంటి?" అన్నాడు. చెప్పాను. అడక్కపోయినా అబ్బా పేరుతో సహా చెప్పాను. "బందరా, మంచిది" అని గొడ్ల వైపు వెళ్లిపోయాడు. అంతే.

సాయంత్రానికి ఇల్లు చేరాం. రాత్రి దస్తర్‌ఖాన్ మీద వరంగల్ దోస్తు నోరు జారాడు. "రాజూ, ఆ రైతా ఇటివ్వు." అమ్మీ చెయ్యి గిన్నె మీదే ఆగింది.

"కౌన్ రాజు?"

వాళ్లు నవ్వుతూ మొత్తం చెప్పేశారు. అబ్బా కూడా మీసాల్లో నవ్వాడు. అమ్మీ మెహమాన్ల ముందు ఏమీ అనలేదు, ఇంకో గరిటెడు వడ్డించింది. వాళ్లు పడుకున్నాక వంటింట్లోకి పిలిచింది.

"నామ్ బోల్తే తో ఉనో క్యా కర్తే థే?"

పేరు చెబితే ఆయన ఏం చేసేవాడు? గుళ్లోంచి పొమ్మనేవాడేమో. కూర్చోమని క్షేత్రయ్య కథ చెప్పేవాడేమో. నాకెలా తెలుస్తుంది? ఆయనకి నేను మౌఖానే ఇవ్వలేదు. అదే అన్నాను అమ్మీతో. "తో ఝూట్ ఉనోంకే సాథ్ బోలా తూ, ఉనోంకే డర్ సే నై" అంది గిన్నెలు కడుగుతూ. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. జవాబు తెలిసిన డర్ కాదు నాది, ఊహించుకున్న డర్. ఆ ఊహలో ఒక పెద్దమనిషిని, పాపం, ఆయన చెయ్యని తప్పుకి ముందే దోషిని చేశాను.

జర్నలిస్టునయ్యాక ఆ దారిన చాలాసార్లు పోయాను. పామర్రు దగ్గర బస్సు బందరు వైపు తిరిగినప్పుడల్లా, మొవ్వ కుడిచేతి వైపు ఉండిపోతుంది. వెళ్లి ఆ పూజారిగారికి నా పేరు చెప్పి రావాలని ప్రతిసారీ అనుకున్నాను. డ్యూటీ, టైం, ఏదో ఒక బహానా. అప్పటికే ఆయన పెద్దవాడు. ఇప్పుడెవరికి చెప్పాలి?

తెనాలి దోస్తు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. అసలైన పర్‌దేస్. ఈద్‌కి తప్పకుండా ఫోన్ చేస్తాడు. నేను నమాజ్‌కి వెళ్లుంటే అమ్మీ ఎత్తుతుంది. నేను రాగానే ఫోన్ చేతికిస్తూ అంటుంది:

"లే, తేరే రాజు కా ఫోన్."

ఆ పేరు వాడిదే అని ఆమె ఏనాడో ఫైసలా చేసేసింది.