మకరం మోసే బరువు

నెల్లూరు రంగనాయకులపేటలో, పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి గుడికి వాహనాల కోసం వెళ్ళాను. ఈ నది ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏనుగు తొండం, మొసలి నోరు, చేప తోక ఉన్న మకరం వరుణుడి వాహనమంటే ఈ తీరంలో ఎవరూ ఆశ్చర్యపోరు. ఉత్సవమూర్తి పోతవిగ్రహం. శేష, గరుడ, హంస వాహనాలు మామూలుగా చెక్కకు లోహపు రేకు తొడిగినవి. పద్ధతులు వేరైనా రెంటిలోనూ ఈ వింత జంతువులకు ఒక పని ఉంది, వాటి రూపం ఆ పనిలోంచే వచ్చిందని నా వాదన.

పాత కంచు విగ్రహాల్లో ఇది తేటగా కనిపిస్తుంది. విగ్రహం చుట్టూ తోరణంలా నిలిచే ప్రభావళిని తరచు విడిగా పోసి పీఠానికి అమర్చేవారు. దాని రెండు కొసలూ కిందికి దిగేచోట మకరాలను నిలిపి, వాటి నోళ్ళలోంచి తోరణం పుట్టుకొచ్చినట్టు మలిచేవారు. అతుకు ఉన్నచోటే ప్రాణి ఉంది. కన్ను అతుకు దగ్గర ఆగకుండా తోరణం వెంట పైకి పోతుంది. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని తిరువాలంగాడు నటరాజుకు ప్రభావళి లేదు. నాట్యం చెక్కుచెదరలేదు గానీ దాన్ని చుట్టి పట్టుకునే వలయం లోటు తెలుస్తూనే ఉంటుంది. విడిగా పోసింది విడిగానే పోతుంది మరి!

మైనపు నమూనాకు మట్టి పూసి లోహం పోసే మధూచ్ఛిష్ట విధానంలో మైనం కరిగిపోతుంది, మట్టి అచ్చును పగలగొట్టాలి. కాబట్టి ప్రతి విగ్రహమూ కొత్తదే, నకలనే మాటే తగదని కొందరంటారు. చేయి తిరిగిన స్థపతి పోసినదానికి ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒకే అచ్చులోంచి వందలుగా వచ్చే అంగడి బొమ్మల సంగతి వేరు. అక్కడ తోరణం, పీఠం ఒకే ముద్దగా పోస్తే మకరానికి పట్టుకోవడానికేమీ మిగలదు. తొండం మెలిక మాత్రం ఉంటుంది. బల్లమీది బొమ్మకు ఊరేగింపు లేదు కదా, ఇంకేం మోయాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మోయకపోయినా మోస్తున్నట్టు కనబడాలి. దవడ బిగువు, మెడ వంపు ఆ బరువు తెలిసిన చేతికే వస్తాయి. పాతదనానికి నేను మొక్కడం లేదు. నిన్న పోసిన మకరమైనా తోరణాన్ని పట్టి నిలిపితే అది నాకు అసలుదే.

తిరుపతిలో 1960లో తితిదే నెలకొల్పిన శిల్ప శిక్షణ సంస్థలో లోహశిల్పం నేర్పుతారు. మకర ముఖం గీయించేముందు విద్యార్థి చేత ఒక ప్రభావళిని ఊడదీయించి, మళ్ళీ బిగింపజేస్తే బాగుంటుంది.