గుమ్మం దాటిన గొరకలు

తణుకు పేరెత్తితే నన్నయభట్టు యజ్ఞం చేసిన ఊరంటారు. క్లాసులో నేనూ ఆ మాటే చెబుతాను. నా మటుకు నాకు మాత్రం, ఊరి పేరు వినగానే గుర్తొచ్చేది యజ్ఞగుండం కాదు, గోస్తనీ గట్టున గాలం పట్టుకు కూర్చున్న మా నాన్నగారు. ఎవరితోనూ అనకండి, తెలుగు మాష్టారికి ఇది పరువు తక్కువ!

నాన్నగారి సరంజామా ఎంతో లేదు: ఒక వెదురుకర్ర, జీలుగు బెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి దాచిన ఎర్రలు. కాలువలకు నీళ్ళు వదిలి, తొలకరి వాన పడ్డదంటే పొలాల బోదెల్లో గొరకలు ఎదురెక్కేవి. అరచేయంత చేప. బెండు మునగ్గానే లాగడం ఎవరికైనా వస్తుంది. దాన్ని గాలంనుంచి తప్పించడమే విద్య. చెంపల మీద రంపపు పళ్ళలాంటి ముళ్ళుంటాయి మరి. “తలమీదనుంచి వెనక్కి నిమిరి పట్టుకోరా” అనేవారు నాన్నగారు. అరచేతికి రెండు గాట్లు పడ్డాకగాని ఆ పాఠం నాకు ఒంటబట్టలేదు.

ఈ చేప నీళ్ళలో మునిగి చచ్చిపోగలదంటే నమ్ముతారా? దానికి మొప్పలొక్కటే చాలవు. మొప్పల పైన మడతలు మడతలుగా మరో అవయవం ఉంది. మాటిమాటికీ పైకొచ్చి గుక్కెడు గాలి పీల్చి అందులో నింపుకోకపోతే ప్రాణం దక్కదు. అందుకే ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ ఒడ్డున కూడా బతుకుతుంది. చెంపముళ్ళు నేలకు గుచ్చి, తోకతో తన్నుకుంటూ ముందుకు నడుస్తుంది. డెన్మార్కువారి కొలువులో ఉన్న డాల్డార్ఫ్ అనే లెఫ్టినెంటు 1791లో తరంగంబాడి దగ్గర తాటిచెట్టు మీద, అయిదడుగుల ఎత్తున, దీన్ని పట్టుకున్నానని రాశాడు. 1797లో లండన్ లిన్నేయన్ సొసైటీ వారు దాన్ని అచ్చువేశారు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘క్లైంబింగ్ పెర్చ్’ అంటారు. చెట్టెక్కడం అబద్ధమనీ, ఏ కాకో గద్దో అక్కడ జారవిడిచి ఉంటుందనీ తరవాతివాళ్ళు అన్నారు. నడక మాత్రం నిజం.

ఈ సంగతులన్నీ మా ఇంట్లోవాళ్ళకు అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రం అరడజను గొరకలు పడ్డాయి. మర్నాడు మామయ్య వస్తాడని, అమ్మ వాటిని కుండలో నీళ్ళు పోసి వసారాలో ఉంచింది. మూతపెట్టి, దానిమీద రాయి ఎత్తే పని నాది. ఆటల్లోపడి మరిచిపోయాను. రాత్రంతా జోరున వాన. తెల్లారి చూస్తే కుండ ఖాళీ.

“పిల్లి తింటే ముల్లయినా మిగలదూ?” అంది నాయనమ్మ. ఆవిడ చూపు తిన్నగా నూతిదగ్గర అంట్లు తోముతున్న పనిమనిషి మీదికి పోయింది. వేకువనే వచ్చింది ఆమె ఒక్కతే. ఎవరూ ‘దొంగ’ అనలేదు. “అడిగితే ఇవ్వమా?” అంది నాయనమ్మ, అంతే. ఆమె చేతిలో గిన్నె బోర్లించి, నడుముకు చెక్కిన కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. అంతకుముందే తులసికోట వెనక తడినేల మీద ఒక గొరక డేకుతూ పోవడం కళ్ళారా చూశాను. చెబితే రాయి సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని ఊరుకున్నాను.

ముప్పయ్యేళ్ళు దాటాయి. మొన్నటి వానాకాలంలో వాకబు చేసుకుంటూ ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. విని నవ్వింది.

“నాకు తెలుసండి అబ్బాయిగారూ. ఆ పొద్దున మీ ఇంటికొస్తుంటే దారిలో ఒకటి దొరికింది. కొంగులో మూటగట్టుకున్నాను. కూర కూడా వండుకున్నాం.”

“మరి నడిచిపోయాయని అప్పుడే చెప్పొచ్చుగా?”

“కొంగులో చేపెట్టుకుని, అదే నడిచొచ్చిందంటే ఎవరు నమ్ముతారండీ? మీరు చెబితే నమ్మేవోరు.”

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. నాకే, ఎటు చూడాలో తెలియలేదు.