యాడ పిల్ల?

ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గాని 'ఈడ' పిల్ల కాదని మనవాళ్ళు ఒక మాట అంటుంటారు. అప్పగింతలప్పుడు పెద్దవాళ్ళు నవ్వుతూ అంటారు, మనమూ నవ్వి ఊరుకుంటాం. కానీ 2025లో మా చెల్లె కూతురు ఎంబీబీఎస్ సీటుకి దరఖాస్తు చేసినప్పుడు అదే మాట ప్రభుత్వ నిబంధన రూపంలో, జీవో నంబరుతో సహా మాకు ఎదురైంది. స్థానికత అనే మాటలో అసలు ఆడవాళ్ళ చోటు ఎక్కడని అప్పట్నించీ ఆలోచిస్తున్నాను.

మెదక్‌లో నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్తున్నాను. చెల్లె, నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. 2005లో పెళ్ళయి ఆమె కర్నూలు వెళ్ళింది. అప్పటికి రెండూ ఒకే రాష్ట్రం. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. వంటింట్లో నిలబడ్డ చోటే ఉండి వేరే రాష్ట్రం మనిషయిపోయింది. కర్నూల్లో ఆమెని 'తెలంగాణామె' అనేవాళ్ళు. పండక్కి ఇక్కడికొస్తే మా వీధిలో వాళ్ళు 'కర్నూలామె వచ్చిందా' అని అడిగేవాళ్ళు.

2022 వేసవిలో ఆ కాపురం వదిలేసి, కూతుర్ని తీసుకుని వచ్చేసింది. ఎందుకొచ్చిందో నేను రాయను. అది ఆమె చెప్పుకోవాల్సిన విషయం. ఒక్కటి మాత్రం చెప్పాలి. రావాలని ఆమె 2021లోనే అనుకుంది. పాప తొమ్మిదో తరగతిలోకి వస్తోంది, కరోనాతో అసలే చదువు దెబ్బతింది, ఇప్పుడు బడి మారిస్తే ఇంకా పాడవుతుందని ఇంకో ఏడాది ఓర్చుకుంది. పాప తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాకే బయల్దేరింది. పదో తరగతీ, ఇంటర్ రెండేళ్ళూ పాప మెదక్‌లోనే చదివి 2025లో నీట్ రాసింది. నిబంధన ప్రకారం నాలుగేళ్ళు కావాలి. పాపకున్నవి మూడు. తక్కువైన ఆ ఒక్క ఏడాదీ, పిల్ల చదువు కోసం తల్లి ఓర్చుకున్న ఏడాదే.

ఈ నాలుగేళ్ళ లెక్క ఇవాళ్టిది కాదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని కోసం రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా యూనివర్సిటీల పరిధులని మూడు స్థానిక ప్రాంతాలుగా చేసి, 85 శాతం సీట్లు స్థానికులకి కేటాయించారు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. రాష్ట్రం విడిపోయాక కూడా పాత పద్ధతే పదేళ్ళు నడవాలని 2014 చట్టం చెప్పింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. జూలై 19న తెలంగాణ ప్రభుత్వం వైద్య విద్య ప్రవేశాల కోసం జీవో 33 ఇచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ తెలంగాణలోనే చదవాలి, అర్హత పరీక్ష ఇక్కడే పాసవ్వాలి.

అంటే మా పాప తెలంగాణలో స్థానికురాలు కాదు. పోనీ ఆంధ్రప్రదేశ్‌లో? అక్కడా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళే కావాలి. ఇంటర్ మెదక్‌లో చదివింది కాబట్టి పుట్టి పెరిగిన కర్నూల్లోనూ కాదు. ఇది కాలం గడిస్తే తీరే లోటు కూడా కాదు. లెక్క ఇంటర్‌తో ఆగిపోతుంది. ఇంకో ముప్పై ఏళ్ళు మెదక్‌లో ఉన్నా ఆ మూడు నాలుగు కావు. మిగిలేవి అందరితో పోటీ పడాల్సిన కొద్ది సీట్లు. అవి చాలా పై ర్యాంకు వాళ్ళకి గాని దొరకవు. ఏడాదికి పది లక్షలు దాటే మేనేజ్‌మెంటు సీట్ల ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నిబంధనలన్నీ చదివి వినిపించాక పాప, "పెద్దమ్మా, మరి నేను యాడ పిల్లను?" అని అడిగింది. కర్నూలు యాస ఇంకా పోలేదు. ఆ యాస వల్లే ఇక్కడి క్లాసులో తనని 'ఆంధ్రా పిల్ల' అన్నారు.

ఇదంతా చదివి, అయితే స్థానిక రిజర్వేషనే వద్దంటున్నారా అని ఎవరైనా అడగొచ్చు. అననే అనను. మెదక్‌కి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది 2024లో, యాభై సీట్లతో. దానికి ముందు ఈ ఊరి ఆడపిల్లకి డాక్టరు చదువంటే హైదరాబాదో, ఇంకా దూరమో. 2014 తర్వాత పెట్టిన కాలేజీల్లో కన్వీనరు సీట్లన్నీ స్థానికులకే అని 2023లో రాష్ట్రం నిర్ణయించింది. నా క్లాసులో చదివిన ఒకమ్మాయి, తల్లి బీడీలు చుట్టి చదివించింది, అట్లాంటి ఒక కొత్త కాలేజీలోనే సీటు తెచ్చుకుంది. సీట్లన్నీ బహిరంగ పోటీకి వదిలేస్తే, ఆరో తరగతి నుంచే కోచింగులో పెరిగిన పిల్లలతో ఆ అమ్మాయి ఎట్లా నెగ్గుతుంది? ఎంతో కొట్లాడితే వచ్చిన హక్కు ఇది. కెనడాలో ఉన్న నా స్నేహితురాలు, అక్కడా వైద్య కళాశాలలు సొంత ప్రావిన్సు పిల్లలకే ఎక్కువ సీట్లు ఉంచుతాయని చెప్పింది. 2026 నుంచి 95 శాతం సీట్లు తమ ప్రావిన్సు వాళ్ళకే అని ఒంటారియో ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది కూడా. తమ పల్లెలకి తమ డాక్టర్లు కావాలని ఎవరైనా కోరుకుంటారు. స్థానికులెవరో తేల్చే లెక్కలో ఎవరి బతుకుని నమూనాగా పెట్టుకున్నారన్నదే నా ప్రశ్న.

జీవో 33 మీద చాలామంది కోర్టుకి వెళ్ళారు. ఇంటర్ కోసం విజయవాడ లాంటి చోట్లకి వెళ్ళిన తెలంగాణ పిల్లలు వాళ్ళలో ఉన్నారు. తెలంగాణలో శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకి ఆ నిబంధన వర్తించదని 2024 సెప్టెంబరు 5న హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కోర్టుకెక్కిన 135 మందికి ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇస్తామంది. లాయరుని పెట్టుకోగలిగిన వాళ్ళకి ఆ దారి దొరికింది. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని పక్కన పెట్టి, నాలుగేళ్ళ నిబంధన సరైనదే అంది. ఆ రోజు మా ఇంట్లో టీవీ కట్టేసి ఎవరి గదుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

తర్వాత నెమ్మదిగా కూర్చుని మినహాయింపులు చదివాను. బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకి ఉంది. తెలంగాణ క్యాడర్ అఖిల భారత సర్వీసుల అధికారుల పిల్లలకి ఉంది. ఇక్కడి నుంచి సైన్యంలో, కేంద్ర బలగాల్లో చేరిన వాళ్ళ పిల్లలకి ఉంది. బదిలీలుండే ప్రభుత్వ కార్పొరేషన్ల ఉద్యోగుల పిల్లలకీ ఉంది. అన్నీ న్యాయమైనవే. తల్లో తండ్రో ఉద్యోగం కోసం ఊరు మారితే ఆ శిక్ష పిల్లలకి వెయ్యకూడదు కదా. మరి పెళ్ళి పేరుతో ఊరు మారిన మనిషి సంగతి? మన దేశంలో ఆడవాళ్ళ వలసకి అన్నిటికంటే పెద్ద కారణం పెళ్ళేనని జనాభా లెక్కలే చెప్తాయి. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉంటే అది కారణం. మొగుణ్ణి వదిలేసో, పోగొట్టుకునో పుట్టింటికి తిరిగొచ్చిన ఆడమనిషి చేతిలో ఏ ఉత్తర్వూ ఉండదు. అందుకని ఆ ప్రయాణం ఏ మినహాయింపులోనూ కనబడదు.

వెనక్కి వెళ్ళి ముల్కీ నిబంధనలు తిరగేశాను. నిజాం కాలంలో, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం మాట్లాడే హైదరాబాద్ రాజ్యంలో, స్థానికుడెవరో చెప్పిన నిబంధనలవి. పుట్టుకతో రాజ్యపు ప్రజలైతే ముల్కీ. పదిహేనేళ్ళు స్థిరంగా ఉంటే ముల్కీ. పుట్టేనాటికి తండ్రి పదిహేనేళ్ళ ప్రభుత్వ సర్వీసు పూర్తి చేసి ఉంటే ముల్కీ. ఇంకోటి కూడా ఉంది. ముల్కీ భార్య అయితే ఆమె ముల్కీ. తండ్రి సర్వీసు బిడ్డకి అక్కరకొచ్చేది, తల్లి పేరే లేదు. మొగుడి ఊరే భార్య ఊరు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నప్పుడు రాష్ట్రం అట్టుడికిపోయింది. ఆ గొడవల మీద ఎంత రాశారో! ఈ భార్య వాక్యం మీద మాత్రం నేనెక్కడా చర్చ చూడలేదు.

ఈ యాభై ఏళ్ళలో చట్టం భాష మారింది. 1974 ఉత్తర్వు కింద మిగిలిన 15 శాతం సీట్లకి 1979లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు ఉంటే చాలన్నారు. తండ్రి అనలేదు, ఎవరో ఒకరు అన్నారు. కాగితం మీద మారినంత కౌంటరు దగ్గర మారలేదు. నివాస ధ్రువీకరణ కోసం చెల్లె ఒక కార్యాలయానికి వెళితే, "పాప తండ్రి ఆధార్ తెచ్చారా అమ్మా?" అన్నారు. తండ్రి మాతో లేడని చెప్పింది. అయితే మీ నాన్నగారిది తెండి అన్నారు. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ముప్పైయేళ్ళనాటి తన పదో తరగతి సర్టిఫికెట్, మెదక్ బడిది, తీసి బల్ల మీద పెట్టింది. ఆ గుమస్తా చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆమె కాగితం ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదంతే.

చెల్లె వెలుగులోకి రావాలనుకోదు. అయినా ఇది రాయమని తనే అంది. ఇంకో తల్లి లెక్కేసుకుంటుంది కదక్కా అంది. నాకు ఆ మాట భయమేసింది. లెక్కేసుకోవడమంటే ఏమిటి? హింస భరిస్తున్న ఒకామె, పాప ఎనిమిదిలో ఉంది గనక ఇప్పుడే పోవాలి, తొమ్మిది దాటితే డాక్టరు సీటు పోతుంది అని లెక్కేసుకోవాలా? దాటిపోయాక, ఇక ఇంటర్ అయ్యేదాకా పడి ఉండాలని లెక్కేసుకోవాలా? రాష్ట్రానికి ఆ ఉద్దేశం లేకపోవచ్చు. నిబంధన మాత్రం ఆమెకి చెప్పేది అదే.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. బదిలీ ఉద్యోగుల పిల్లల పక్కనే ఇంకో వర్గాన్ని చేర్చాలి. విడిపోయో, భర్త పోయో, హింస వల్లో తిరిగొచ్చిన తల్లి ఇక్కడ పుట్టి చదివినదై ఉంటే, ఆమె పెంచుతున్న పిల్లలకి ఆమె స్థానికతే వర్తించాలి. కోర్టు విడాకుల కాగితమే తెమ్మనకూడదు, అది రావడానికి ఏళ్ళు పడుతుంది. తల్లి పదో తరగతి సర్టిఫికెట్, పిల్లల బడి రికార్డు చాలు. 15 శాతం సీట్ల కోసం 1979లోనే ఒప్పుకున్న 'ఎవరో ఒకరు' అన్న మాట 85 శాతంలోకి రావడానికి అడ్డేమిటి? రెండు రాష్ట్రాలూ ఈ మార్పు చేస్తే ఏ బీడీ కార్మికురాలి కూతురి సీటూ పోదు. ఇట్లాంటి పిల్లలు పిడికెడు మందే ఉంటారు. పిడికెడు మందే కాబట్టి వాళ్ళ తరఫున ఏ సంఘమూ ధర్నాకి కూర్చోదు. రాసే వాళ్ళం, పాఠాలు చెప్పే వాళ్ళం, మనమే అడగాలి.

పాప డిగ్రీలో చేరింది. అఖిల భారత కోటా కోసం మళ్ళీ నీట్ రాస్తానంటోంది. ఆ కోటాలో స్థానికత గడి ఉండదట పెద్దమ్మా, ర్యాంకే చూస్తారట అంది. అందరూ సుఖంగా చదువుకునే ఇంట్లో పుట్టిన పిల్లలకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే చాలన్నమాట. తెల్లవారుజామున నాలుగింటికే తన గదిలో లైటు వెలుగుతోంది. చెల్లె లేచి పాలు కాచి ఇస్తోంది.