అనాతోతు పొలము – మన నిరీక్షణ



ప్రవచనముల మీద నేడు మన ప్రాంతములో రెండు రకముల ప్రసంగములు ఎక్కువగా వింటున్నాము. ఒకటి భయపెట్టేది: వరద వచ్చినా, యుద్ధము వచ్చినా లోకాంతమునకు లెక్కలు కట్టేది. రెండవది బుజ్జగించేది: ఈ సంవత్సరమే అప్పులు తీరును, రోగములు పోవును అని చెప్పేది.

2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగినప్పుడు, స్వర్ణముఖి పొంగినప్పుడు, అనేకులు మొదటి రకపు ప్రసంగములే చేశారు. అట్టి ఒక కూటము ముగిసిన తరువాత ఒక రైతు సహోదరుడు మమ్మును అడిగాడు: “అయ్యగారూ, లోకమే అయిపోతాదంటే వచ్చే ఏడు శెనక్కాయలు ఏసేదా, వద్దా?”

ఈ ప్రశ్నకు యిర్మీయా గ్రంథములో జవాబున్నది. హనన్యా అనే ప్రవక్త రెండేండ్లలోనే బబులోను కాడి విరిగిపోవునని చెప్పాడు. జనులకు అది ఇంపైన మాట. యిర్మీయా డెబ్బది ఏండ్లు అన్నాడు. అయినా చెరలోనున్న వారిని చేతులు ముడుచుకొని కూర్చోమనలేదు. ఇండ్లు కట్టుకొనుమని, తోటలు నాటుకొనుమని ఉత్తరము వ్రాశాడు. మనము వాగ్దాన కార్డులలో చూచే 29:11 ఆ ఉత్తరములోనిదే.

అంతకంటె ఆశ్చర్యమైనది 32వ అధ్యాయము. శత్రువులు యెరూషలేమును ముట్టడించియున్నారు. పట్టణము పడిపోవునని చెప్పినందుకు యిర్మీయా బంధింపబడ్డాడు. ఆ స్థితిలో అనాతోతులోని పొలమును 17 తులముల వెండి తూచి కొన్నాడు. సాక్షులను పెట్టి, పత్రము వ్రాయించి, మంటికుండలో భద్రపరచమన్నాడు. దేశము నాశనమగునని ఎరిగినవాడే, దేవుడు దానిని తిరిగి నిలబెట్టునని నమ్మి పొలము కొన్నాడు. నిరీక్షణ అంటే ఇదే.

ఇట్టి నిరీక్షణ మన సీమలోను కనబడింది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల ఆస్పత్రి ఆరంభమైనది. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి పునాది వేసినవారు. అనేక మిషనులు చేయి కలిపాయి. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అంతవరకు వారి చేతిలో ఉన్నవి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ప్రార్థన. మందు లేని కాలములో మంచములు వేసి రోగులను పిలిచిన వారు కూడ అనాతోతులో పొలము కొన్నవారే.

ప్రభువు రాకడను మన బోధకులు తప్పక ప్రకటించవలెను. అయితే ఆ ప్రసంగము విన్న రైతు విత్తనము కట్టిపెట్టకూడదు. తల్లి బిడ్డ చదువు మాన్పించకూడదు. అప్పులలోనున్నవాడు సంవత్సరాంతమున వాగ్దానము తప్పినదని సంఘము విడిచిపోకూడదు. దినమును గడియను తండ్రికి విడిచిపెట్టి, నేటి పనిని నమ్మకముగా చేయుటకు బలమిచ్చేదే నిజమైన ప్రవచన వర్తమానము.

మన ఇంట, మన సంఘములో ఈ యేడు మనము కొనవలసిన పొలమేది? కుటుంబ ప్రార్థనలో దీనిని ఆలోచించుదుము గాక. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.