నటుని పాదరక్ష

ఆంగ్లసాహిత్యమున 'బస్కిన్' అను నొక పాతమాట గలదు. నిఘంటువు దానికి పిక్కలదాక వచ్చు పాదరక్ష యని చెప్పి, వెంటనే విషాదనాటక మని మఱియొక యర్థము చెప్పును. చెప్పునకును శోకమునకును సంబంధ మేమి యని చదువరికి తోచుట సహజము.

గ్రీకులు విషాదనాటకమున నటులు తొడిగిన పాదరక్షను 'కొథోర్నొస్' అనిరి. రోమనుల హాస్యనటుడు తొడిగిన పలుచని చెప్పు 'సొక్కుస్'. ఆంగ్లకవులు ఒకదానిని బస్కిన్ అనియు, రెండవదానిని సాక్ అనియు పిలిచి, ఆ రెండింటితో రెండు నాటకజాతులను సూచించిరి. నేడు మనము మేజోళ్లకు వాడు 'సాక్సు' అను మాట ఆ హాస్యగాని చెప్పునుండి దిగివచ్చినదే. మనవారును 'కాలికి గజ్జె కట్టినది' అని నాట్యమును, 'ముఖమునకు రంగు వేసికొన్నాడు' అని నటనను చెప్పుదురు గదా!

కొథోర్నొస్ అనగా నటుని పొడవు పెంచు దళసరి అడుగుగల పాదరక్ష యని పలువురి తలంపు. అట్టి యెత్తు మడమలు తరువాతి కాలమున వచ్చినవి, క్రీ.శ. 2వ శతాబ్దమున లూసియన్ వానిని పరిహసించెను. సోఫోక్లిసు కాలమున నది మెత్తని తోలుతో చేసిన వదులైన జోడు. స్త్రీలును దానిని తొడిగిరి. కుడియెడమల భేదము దానికి లేదు. ఏ కాలికైనను పట్టును.

ఈ గుణమే యొక మనుష్యునికి మారుపేరైనది. ఏథెన్సున తెరామెనెస్ అను రాజకీయవేత్త క్రీ.పూ. 411లో ప్రజాప్రభుత్వమును కూలద్రోసినవారితో చేరి, కొన్ని నెలలకే వారి నెదిరించెను. 404లో ముప్పదిమంది ప్రభువులలో నొకడై, వారు నిరపరాధులను చంపించుచుండగా అడ్డుపడెను. అప్పుడు క్రిటియాస్ సభయందు వానిని 'కొథోర్నొస్' అని నిందించె నని జెనొఫోను వ్రాసెను. పేదలకు పాలు దక్కినగాని ప్రజాప్రభుత్వము కాదనువారితోను, కొందఱే నిరంకుశముగా నేలవలె ననువారితోను తాను పోరాడితి నని తెరామెనెస్ బదులు చెప్పెను. బలిపీఠము నాశ్రయించినను ఈడ్చుకొనిపోయి వానిచే విషము త్రాగించిరి.

ఈ కథ మన యిండ్లకు దూరమైనది కాదు. పూర్వాచారమునకును సంస్కరణమునకును నడుమ నిలుచు పెద్దమనిషి ప్రతి కుటుంబమునను ఒకడుండును. వానిని ఇరుపక్షములవారును రెండు కాళ్ల చెప్పనియే యందురు. అయితే మధ్యమార్గమున నడచువాడు వేఱు, ఏ కాలికైన పట్టువాడు వేఱు. 'పిల్లదాని చదువు మాన్పింపరాదు' అని తల్లితోను, 'నాయనమ్మ నోమును ఎగతాళి చేయరాదు' అని తమ్మునితోను నిర్భయముగా ననువాడు మొదటివాడు. వాని కిరువురివలనను మాటపడుట తప్పదు. సభలో వరకట్నమును ఖండించి, 1961లో చట్టము వచ్చిన దని జ్ఞాపకము చేసి, కొడుకు పెండ్లిలో ఆ సొమ్మునే 'లాంఛనము' అను పేర పుచ్చుకొనువాడు రెండవవాడు. వాని నుభయులును మెచ్చుకొందురు.

కావున నడుమ నిలిచినవానిని చూచి తొందరపడి పేరు పెట్టరాదు. వాడు రెండు గదులలోను ఒకే మాట యనుచున్నాడా? ఆ మాటవలన వాని కేమైన నష్టము కలిగినదా? ఈ రెండును విచారింపవలెను. తెరామెనెస్ పూర్వపు మార్పులను మన మెట్లు తలచినను, చివరిసారి వాడు నిలిచిన చోట లాభ మేమియు లేదు. ఏ కాలికైన పట్టు చెప్పు తొడిగినవాని పాదమును నొప్పింపదు. ఆనాడు వాడు నడచిన త్రోవ వాని ప్రాణమునే గొనెను. వానిని కొథోర్నొస్ అన్న క్రిటియాస్ నోట నా మాట న్యాయము కాలేదు.