కట్టుకథంటే నమ్మలేదు

1963 సెప్టెంబరులో లండన్‌లోని గొలాంజ్ సంస్థ ఓ పలుచటి నవల అచ్చేసింది. పేరు 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్'. రచయిత జాన్ లె కారే. అది మారుపేరు. అసలు మనిషి డేవిడ్ కార్న్‌వెల్, ఆ నవల రాసేనాటికి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయ ఉద్యోగి. ఆ ఉద్యోగమూ వేషమే. అసలు కొలువు గూఢచార సంస్థ ఎం.ఐ.6లో.

కొలువు అలాంటిది కాబట్టి రాతప్రతి ముందు పైవాళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళు చదివి, ఇదంతా ఉత్త కల్పన, ఇందులో బయటపడే రహస్యమేదీ లేదని తేల్చి అనుమతిచ్చారు. ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఆ అనుమతి వచ్చేదే కాదు. పాఠకుల తీర్పు మాత్రం పూర్తిగా తలకిందులైంది. లోపలి మనిషెవరో కడుపులో దాచుకోలేక కక్కేసిన నిజమన్నారు. పత్రికలూ అదే పాట పాడాయి. తాను గూఢచారిని కాదని లె కారే చాలాకాలం బుకాయించాల్సి వచ్చింది. దాంతో అనుమానం ఇంకాస్త బలపడింది.

ఎందుకంత నమ్మారు? నవల వచ్చిన మరుసటి నెలలోనే జేమ్స్ బాండ్ రెండో సినిమా విడుదలైంది. సూట్లు, కార్లు, అందగత్తెలు. ఇక్కడ కథానాయకుడు ఆలెక్ లీమస్‌కి అవేవీ లేవు. కొలువు ఊడి తాగుబోతై దిగజారిపోయినట్టు శత్రువును నమ్మించడమే అతని పని. ఓ చిన్న లైబ్రరీలో చాలీచాలని జీతానికి చేరతాడు. ఓ రోజు కిరాణా కొట్టుకెళ్ళి సరుకులు అరువడుగుతాడు. కొట్టువాడు కుదరదంటాడు. లీమస్ వాణ్ణి కొట్టి జైలుకెళతాడు. అదీ ఈ గూఢచారి సాహసం! షాడో నవలలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఇక్కడ నీరసం వస్తే తప్పుపట్టలేం. కానీ చదివినవాళ్ళకి నిజంలా తోచింది ఆ అరువు బేరమే.

తాను చదివిన గూఢచారి కథల్లో ఇదే మేటి అన్నాడు గ్రాహం గ్రీన్. ఆయన మాటకు విలువెక్కువ. నవలాకారుడే కాదు, రెండో ప్రపంచయుద్ధంలో ఎం.ఐ.6లో పనిచేసిన మనిషి. 1964లో అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన నవల ఇదే. మరుసటి ఏడాది రిచర్డ్ బర్టన్ లీమస్‌గా సినిమా కూడా వచ్చింది.

వృత్తిలో ఉన్నవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండింది. తర్వాత సి.ఐ.ఎ. అధిపతి అయిన రిచర్డ్ హెల్మ్స్‌కి గూఢచారి నవలలంటే సరదాయే గానీ దీన్ని మాత్రం అసహ్యించుకున్నాడని ఆయన జీవితకథ రాసిన థామస్ పవర్స్ చెప్పాడు. సొంత మనిషిని బలిపెట్టి పబ్బం గడుపుకునే సంస్థను చూపించడమే ఆయనకు మింగుడుపడలేదు. ఇంకో పాఠకుడి నొప్పి మరీ దగ్గరిది. ఎం.ఐ.6కి ముందు ఎం.ఐ.5లో లె కారేకి పై అధికారిగా ఉన్న జాన్ బింగ్‌హామ్ స్వయంగా నవలా రచయిత. లె కారే నవలల్లో కనిపించే గూఢచారి జార్జ్ స్మైలీ పాత్రకు కొంతవరకు మూలం ఆయనే. తన శిష్యుడు సంస్థ పరువు తీశాడని ఆయన నొచ్చుకున్నాడు.

అవతలి పక్షమైనా మెచ్చుకుందా అంటే అదీ లేదు. పాశ్చాత్య గూఢచారుల నీతిని ఇంతలా ఎండగట్టినా, మాస్కో 'లిటరరీ గెజెట్' విమర్శకుడు లె కారేని ప్రచ్ఛన్నయుద్ధానికి వకాల్తా పుచ్చుకున్నవాడిగా జమకట్టాడు. లె కారే 1966లో లండన్ పత్రిక 'ఎన్‌కౌంటర్'లో బహిరంగ లేఖతో జవాబిచ్చాడు. మరుసటి ఏడాదే, ఆ పత్రికకు చాటుగా డబ్బు అందించింది సి.ఐ.ఎ. అని బయటపడింది! ఇది నవలలో రాస్తే అతిగా ఉందని ఏ సంపాదకుడైనా కొట్టేసేవాడు.

ఇప్పటి పాఠకుల పేచీలు వేరు. మధ్యలో వచ్చే విచారణ ఘట్టం సాగిందని కొందరు, అదే ఆయువుపట్టని కొందరు. లైబ్రరీలో లీమస్‌ని ప్రేమించిన కమ్యూనిస్టు అమ్మాయి లిజ్ మరీ అమాయకురాలని ఒక వాదం. పెద్దల ఎత్తుగడకి ఆ పిల్ల ఎందుకు బలవ్వాలన్నది దానికి జవాబుగా వచ్చే ప్రశ్న. లీమస్, లిజ్ ఇద్దరూ బెర్లిన్ గోడ దగ్గరే తుపాకీ గుళ్ళకి రాలిపోతారు. వాళ్ళని పంపినవాళ్ళు సంజాయిషీ చెప్పే పుట నవలలో లేదు.

ఆ పుట కోసం పాఠకులు యాభై నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది. 2017లో, ఎనభై ఆరో ఏట, లె కారే 'ఎ లెగసీ ఆఫ్ స్పైస్' ప్రచురించాడు. అందులో లీమస్ కొడుకు, లిజ్ కూతురు గూఢచార సంస్థను కోర్టుకీడుస్తామంటారు. పాత ఆపరేషన్‌లో పాలుపంచుకున్న పీటర్ గిల్లమ్‌ని ఫ్రాన్స్‌లోని పల్లెటూరి నుంచి లండన్‌కి పిలిపించి, కుర్ర లాయర్లు పాత ఫైళ్ళు ముందేసుకుని ఒక్కో సంగతీ గుచ్చి గుచ్చి అడుగుతారు. అవి చాలావరకు పాఠకులు 1963 నుంచీ అడుగుతున్న ప్రశ్నలే.